పాము లేని రాణి

టీచరమ్మ పోయిందని నాకు ఫోనులో తెలిసింది. గురువారం పొద్దున షాపు షట్టరు సగం ఎత్తానో లేదో జేబులో సెల్లు మోగింది. చేసింది ఆమె తమ్ముడి కొడుకు. "అన్నా, మా అత్త పోయింది. పొద్దున్నే లేసి కాఫీ తాగి, వసారాలో కుర్చీలో కూచునింది. పేపరు ఇస్తే అందుకోలే," అన్నాడు. ఎత్తిన షట్టరును మళ్ళీ కిందికి దించి, తాళం వేశాను. మైదుకూరు బస్టాండు వెనకున్న ఈ సీడీ షాపుకు ఆమె ఏడెనిమిదేళ్ళు నడిచి వచ్చింది, మధ్యలో మూడు నెలలు తప్ప. ఆ మూడు నెలల తప్పు నాది. ఈ నాలుగు మాటలు రాయడానికి అది కూడా ఒక కారణం.

సమాధుల తోటలో ఆ సాయంత్రం చాలామంది మాట్లాడారు. సౌమ్యురాలు అన్నారు. శాంతమూర్తి అన్నారు. ఎవరి మనసూ నొప్పించని మనిషి అన్నారు. ఆమెను దగ్గరగా ఎరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అది నిజం కాదు. ఆమె నొప్పించింది. నన్ను నొప్పించింది, హెడ్మాస్టరును నొప్పించింది, ఊరి పెద్దల్లో ఇద్దరు ముగ్గుర్ని నొప్పించింది. నొప్పించాల్సిన చోట తప్పించుకుపోలేదు. పోయినవాళ్ళను మెత్తగా చేసి మాట్లాడటం మనకు అలవాటు. ఆ మర్యాద ఆమెకు నచ్చేది కాదు. నేను చెయ్యను.

ఆమె మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. పుట్టింది కమలాపురం దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. మిషను బడిలో చదివి, కర్నూల్లో ట్రైనింగు చేసి ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. పొడుగ్గా, నల్లగా, నిటారుగా ఉండేది. నల్లగా అని ఎందుకు రాస్తున్నానంటే ఆమె ఆ మాటను దాచేది కాదు. ఎవరైనా మర్యాదకు చామనఛాయ అంటే ఊరుకునేది కాదు. "చామనఛాయ కాదప్పా, నలుపు. నలుపు అంటే నోరు పడిపోతాదా?" అనేది.

మొదటిసారి షాపుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వీడియో క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన కొత్త. షాపులో ఇద్దరు కుర్రాళ్ళు కొత్త సినిమాల కోసం వెతుకుతున్నారు. ఆమె గొడుగు మూసి, గడప దగ్గర నీళ్ళు దులిపి, గట్టిగా అడిగింది.

"ఏమప్పా శెట్టీ, క్లియోపాత్రా సినిమా ఉండాదా?"

కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ పేరు నాకు మార్నింగ్ షో వాల్‌పోస్టర్ల మీద తప్ప తెలియదు. ఆ పోస్టర్లు ఎలా ఉండేవో మీకు తెలుసు.

"అట్లాంటివి మనం పెట్టం టీచరమ్మా," అన్నాను, గొంతు తగ్గించి.

"ఎట్లాంటివి?" ఆమె గొంతు తగ్గలేదు. "ఐగుప్తు దేశాన్ని, అదే ఈజిప్టును, ఇరవై ఏండ్లు ఏలింది ఆయమ్మ. తొమ్మిది భాషలు మాట్లాడేదని రాసినారు. దుబాసీ లేకుండా దేశదేశాల రాయబారులతో తానే మాట్లాడేదంట. అట్లాంటోళ్ళవి పెట్టవా నీ షాపులో?"

నేను తెప్పిస్తానన్నాను. కర్నూల్లో నాకు సీడీలు పంపే వ్యాపారికి చెబితే రెండు నెలలకు ఒకటి దొరికింది. ఆ తర్వాత ఇంకొకటి. అలా మొదలైంది.

ఆమె ఇంట్లో అప్పటికి టీవీ లేదు. బడి వదిలాక, నాలుగున్నర నుంచి ఆరు దాకా షాపులో బేరాలు ఉండవు. ఆ వేళకు వచ్చి, నా ఇనప స్టూలు మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఒడిలో పాత హాజరుపట్టీ పెట్టుకునేది. పక్కన బొరుగుల పొట్లం. సినిమా నడుస్తుండగా ఉన్నట్టుండి "ఆపప్పా" అనేది. "ఎనక్కి పో. ఇంగొంచెం. ఆ, ఆడ ఆపు." ఆగిన బొమ్మను చూసి పట్టీ వెనక పేజీలో ఏదో రాసుకునేది. టీవీ, ప్లేయరు అద్దెకు ఇంటికి పంపిస్తానన్నా ఒప్పుకునేది కాదు. ఒంటరిగా చూస్తే కోపం వస్తే ఎవరితో చెప్పుకోవాలి అనేది. అలా నేను ఆమె కోపానికి శ్రోతనయ్యాను. ఇంటరు తప్పిన నాకు చరిత్ర మీద మోజు పుట్టింది ఆ స్టూలు పక్కనే.

ఒకరోజు నేనే అడిగాను, ఈ రాణి మీద ఇంత పట్టుదల ఎందుకని. ఆమె పట్టీ మూసి చెప్పింది. కర్నూల్లో ట్రైనింగు చదివేటప్పుడు హాస్టలు పిల్లలంతా వార్డెనును అడిగి ఒక ఇంగ్లీషు సినిమాకు వెళ్ళారట. రంగుల సినిమా, తెర నిండా బంగారం.

"నోరు తెరుచుకోని చూసినాను. బయటికొచ్చినాక ఒక పిల్ల, 'అట్ల రాణిగ పుట్టింటే ఎంత బాగుండు' అనింది. ఇంగొక పిల్ల నా పక్క చూసి, 'నువ్వు పుట్టింటే ఎనక విసనకర్ర పట్టుకోని నిలబడేదానివిలే' అనింది. అందురూ నవ్వినారు. నేనూ నవ్వినా. నవ్వినానప్పా, అదీ నా బాధ. ఆ పిల్ల అబద్ధం చెప్పలే. సినిమా చూసినంతసేపు నేను ఆ విసనకర్రలు పట్టుకున్న పిల్లల్లోనే నన్ను ఎతుక్కున్నా. రాణిలో ఎతుక్కోవాలని తోచనే లేదు."

"అయితే ఆ రాణి నిజంగ నల్లగుండేదా టీచరమ్మా?"

"తెల్దు," అంది వెంటనే. "వంశం గ్రీకు వంశం. ఆయమ్మ నలుపో తెలుపో ఎవురికీ తెల్దు. నల్లది అని నేను చెప్పడంల్యా. తెల్దు అని చెప్తాండా. తెలియనిదాన్ని తెలిసినట్ల తీస్తారే, నా తగువు దాంతో."

ఆ రాణిని తెర మీద ఎన్ని రకాలుగా చూపించారో నేను ఆమె పక్కన కూర్చుని చూశాను. మాటల్లేని సినిమాల కాలం నాటి బొమ్మ ఒకటి ఏదో పాత పత్రికలోంచి కత్తిరించి పెట్టుకుంది. అందులో రాణి కళ్ళు ఇంతింత చేసి, దయ్యం పట్టినదానిలా చూస్తుంది. నలుపు తెలుపు సినిమాలో సన్నగా గీసిన కనుబొమలు, బిగుతు పట్టు గౌను. రంగుల సినిమాలో కళ్ళ చుట్టూ నీలిరంగు, పాలతో స్నానం. మన తెలుగు సినిమాలో ఒక క్లబ్బు పాట, రాణి వేషంలో నర్తకి, మెడలో రబ్బరు పాము. ఆ తర్వాత టీవీలో వచ్చిన సీరియల్లో పలచటి అమ్మాయి, ప్రతి ఎపిసోడులో ఎవరో ఒకరి భుజం మీద వాలుతుంది. చివరికి ఒక సబ్బు ప్రకటనలో కూడా వచ్చింది. అది చూసి టీచరమ్మ చాలాసేపు నవ్వింది.

"చూసినావా శెట్టీ, ఏ కాలం సినిమాలో ఆ కాలపు ఆడది కనపడతాది. ఆ యేడు మొగోళ్ళకు ఏది నచ్చితే అది. రాణి యాడా ల్యా. అన్ని సినిమాల్లో చేప మాదిరి నీళ్ళలో ఉంటాది గాని, ఒక్క దాంట్లోనన్నా కాగితం చదువుతాదా?"

నిజమే. నేను లెక్క చూడలేదు గానీ, రాణి రాజ్యం ఏలుతున్న చోట ఆగిన బొమ్మ ఆమె పట్టీలో చాలా తక్కువ. చచ్చిపోయే చోటు మాత్రం అన్నిటిలో ఉంది. బుట్ట తెరవడం, పాము రావడం, సంగీతం. "చచ్చేది అందురూ చూపిస్తారప్పా. ఏలింది ఎవురు చూపిస్తారు?" అనేది.

ఇంత దగ్గరగా ఉన్నవాణ్ణి. అయినా నా ఇంటి దాకా వచ్చేసరికి ఏం చేశానో వినండి.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి ఆమె నాటకం రాసింది. ఐగుప్తు రాణి కథే. మా పాప అప్పుడు పదో తరగతి. ఎర్రగా, బొద్దుగా, పెద్ద జడతో ఉండేది. రాణి వేషం తనదే అనుకుంది, నేనూ అనుకున్నాను, మా ఆవిడ కడప పోయి జరీ బట్ట కూడా చూసి వచ్చింది. వేషాలు పంచే రోజు టీచరమ్మ క్లాసులో పిల్లలందరికీ ఒకే మాట ఇచ్చిందట, "ధాన్యం కొట్లు తెరవండి" అని. అదే మాటను ముందు పనివాడితో, తర్వాత శత్రువుతో, ఆ తర్వాత ఆకలిగా ఉన్న జనంతో చెప్పాలి. మా పాప చక్కగా చెప్పింది. మూడుసార్లూ ఒకే తీరున చక్కగా చెప్పింది. రాళ్ళు కోసి నునుపు చేసే బండల మిల్లులో పనిచేసే వాళ్ళ కూతురు, రూతమ్మ అని ఒక పిల్ల, మూడోసారి చెప్పినప్పుడు కిటికీ అవతల ఆడుకుంటున్న చిన్న క్లాసు పిల్లలు ఆట ఆపి చూశారట. రాణి వేషం రూతమ్మకు వెళ్ళింది. మా పాపకు రోము నుంచి దండెత్తి వచ్చిన ఆక్టేవియస్ వేషం.

పాప ఏడుస్తూ ఇంటికి వచ్చింది. నేను మరుసటి రోజు స్టాఫ్ రూముకు పోయాను.

"మా పాపకు ఏం తక్కువైంది టీచరమ్మా?"

"తక్కువేం ల్యా. గెలిచినోడి వేషం ఇచ్చినా కదా."

"రాణి అంటే కొంచెం... చూసేదానికి ఉండల్ల కదా."

"చూసేదానికి అంటే?"

ఎర్రగా అనే జవాబు నా నాలుక చివరే ఉంది. ఏళ్ళ తరబడి ఆమె కోపం విన్న మనిషిని, ఆమె ఎదుట ఆ మాట ఎలా అనగలను? దానికి బదులు అంతకంటే హీనమైన మాట అన్నాను. "మీ వాళ్ళ పిల్ల అని ఇచ్చినారు."

స్టాఫ్ రూములో పుస్తకాలు దిద్దుతున్న చేతులు ఆగిపోయాయి. టీచరమ్మ లేచి నిలబడలేదు, గొంతు పెంచలేదు.

"క్లాసులో పిల్లలందురూ విన్నారప్పా, ఎవురు ఎట్ల చెప్పినారో. నీ కూతురూ వినింది. ఇంటికి పోయి ఆ బిడ్డనే అడుగు, రాణి ఎవురని. 'నేనే' అనిందంటే రేపే మారుస్తా."

నేను అడగలేదు. జవాబు తెలుసు కాబట్టి అడగలేదు. నేరుగా హెడ్మాస్టరు గదిలోకి పోయాను. నాతో పాటు ఇంకో ఇద్దరు పెద్దమనుషులు కలిశారు. "రాణి వేషం ఆ పిల్లకేంది, జనం నవ్వరా?" అన్నారు వాళ్ళు. హెడ్మాస్టరు మంచివాడే, కానీ తగవు అంటే భయం. టీచరమ్మను పిలిపించి, "మేడమ్, పిల్లను మార్చండి, లేకుంటే నాటకం ఆపాల్సి వస్తుంది," అన్నాడు.

"ఆపండి సార్," అంది ఆమె. "మార్చేది మాత్రం ల్యా."

నాటకం ఆగిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

వారం తర్వాత ఎప్పటిలాగే నాలుగున్నరకు షాపుకు వచ్చింది. నేను పాత సీడీ కవర్లు సర్దుతున్నట్టు నటించాను.

"ఆ సీరియల్ది రెండో భాగం వచ్చిందన్నావు కదప్పా."

"ల్యాదు టీచరమ్మా."

ఆమె నా వెనక అరలోకి చూసింది. "ఆడ కనపడతానే ఉండాది. ల్యాదు అనొద్దు. ఇయ్యను అను. నిజం చెప్పు, నేను పోతా."

నేను తల ఎత్తలేదు. "ఇయ్యను."

"ఇది మేలు," అంది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు ఆమె మా వీధిలోకి రాలేదు. ఇనప స్టూలు మీద నేను పేపర్లు పెట్టుకోవడం మొదలుపెట్టాను, ఖాళీగా కనిపిస్తే చూడలేక.

ఎండాకాలం మొదట్లో, పరీక్షలు అయిపోయాక ఒక ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాప లేదు. మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. "చర్చి కాంపౌండులో ఉండాది. నాటకం ఆడతాండారు."

"ఏం నాటకం?"

"నువ్వు ఆపించినదే."

మూడు నెలలుగా ఆ పిల్లలు చర్చి వెనక గదిలో ఆదివారం ఆదివారం నేర్చుకుంటున్నారని అప్పుడు తెలిసింది. మా పాప ప్రతి వారం లెక్కల ట్యూషను అని చెప్పి పోయింది. మా ఆవిడకు తెలుసు. నాకు కోపం తలకెక్కింది. చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనే పోయాను.

కాంపౌండు నిండా జనం. కాలనీ వాళ్ళు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, నేల మీద, గోడ మీద, ఎడ్లబండి మీద. ఇంకా పొద్దు గుంకలేదు. బడి నుంచి ఒక్క బల్ల కూడా రాలేదు కాబట్టి చర్చి బెంచీలే వేదిక. బెంచీల మీద రూతమ్మ. జరీ లేదు, నీలిరంగు నూలు చీర, అట్టతో చేసిన కిరీటం. ఎదురుగా ఎర్ర శాలువా కప్పుకుని, అట్ట కత్తి పట్టుకుని మా పాప.

"రాణీ, యుద్ధంలో నువ్వు ఓడిపోయావు. కూర్చో. నేను చెప్పేది విను," అంటోంది పాప, పుస్తకం భాషలో, దర్జాగా.

రూతమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "నా ఇంట్లో నిలబడి నన్ను కూచో అంటాండావా? ఇది నా ఇల్లు, నా ఏరు, నా జనం. అలిసిపోయి దూరం నుంచి వచ్చినావు. నువ్వు కూచో. నేను చెప్తా, నువ్విను."

ముందు కొందరు నవ్వారు. రాణి మన మాట మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు. టీచరమ్మ కావాలనే అలా రాసింది. గెలవడానికి వచ్చినవాడు పుస్తకం తెలుగు, ఏలేది మాత్రం మా కడప తెలుగు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఏటికి నీళ్ళు రాని సంవత్సరం రైతులు శిస్తు కట్టలేమని రాణి ముందుకు వస్తారు. రూతమ్మ వాళ్ళు తెచ్చిన కాగితం అందుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివింది. పైకి చదవలేదు. ఊరికే కళ్ళతో చదివింది. అంతసేపూ వేదిక మీద ఏమీ జరగలేదు, జనం కదలలేదు. వరుసగా కరువు చూసిన మనుషులు వాళ్ళు. ఒక పిల్ల ఒక కాగితం చదవడాన్ని ఊపిరి బిగబట్టి చూశారు. చదవడం అయ్యాక ఆమె తల ఎత్తి, "ధాన్యం కొట్లు తెరవండి," అంది.

కాంపౌండు అదిరిపోయింది. బండి మీది ముసలాయన తలగుడ్డ తీసి గాల్లో ఊపాడు. మా పాప, గెలిచినవాడి వేషంలో, ఎర్ర శాలువా సర్దుకుంటూ, ఎవరూ చూడకుండా బెంచీ దిగి పోవాలి. అదీ ఆమె పాత్ర. దిగుతూ నన్ను చూసింది. గేటు పక్కన నిలబడ్డ నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, తల వంచకుండా దిగి పోయింది. నేను ఎప్పుడు నేల మీద కూర్చున్నానో నాకు గుర్తు లేదు.

నాటకం అక్కడే అయిపోయింది. రాణి బతికే ఉంది. ఎవడో వెనక నుంచి అరిచాడు, "పాము యాడమ్మా? పాము కరిసేది ల్యాదా?"

టీచరమ్మ చర్చి తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చింది. "పాము కావాలంటే మీ చేన్లేకి పోప్పా, శానా ఉంటాయి. ఈడ రాణి ఉండాది. రాణిని చూడు."

మర్నాడు నేను ఆ రెండో భాగం సీడీ తీసుకుని ఆమె ఇంటికి పోయాను. ఆమె వసారాలో అన్నం తిన్న పళ్ళెం కడుగుతోంది.

"తప్పు అయింది టీచరమ్మా," అన్నాను.

"అయిందా, చేసినావా?"

"చేసినా."

"సరే. కూచో. కాఫీ తాగు."

ఎన్నో ఏళ్ళుగా ఒకే ఊళ్ళో ఉన్నాం. ఆమె ఇంట్లో నేను కాఫీ తాగడం అదే మొదలు. నలభై దాటిన వయసులో. గ్లాసు చేతికి ఇస్తూ, "నీ బిడ్డ బాగ చేసింది. గెలిచీ చిన్నోడు కావల్ల, అది కష్టమైన వేషం. అందుకే ఆమెకిచ్చినా," అంది. స్టాఫ్ రూములో నేనన్న మాటను ఆమె తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. అది క్షమ అని కొందరు అనొచ్చు. నాకు తెలిసి అది క్షమ కాదు. ఒకసారి నిజం ఒప్పుకున్నవాణ్ణి రెండోసారి నిలదీయడం ఆమెకు పనిలేని పనిగా తోచేది, అంతే.

ఆ నాటకం ఊరికే పోలేదు. అనుమతి లేకుండా విద్యార్థినులతో ప్రదర్శన ఇప్పించారని పైనుంచి మెమో వచ్చింది. ఆమె జవాబు రాసి పోస్టు చేసే ముందు నాకు చూపించింది. "ఇచ్చాను. పిల్లలు బాగా చేశారు. మళ్ళీ అవకాశం వస్తే ఇస్తాను." మూడు వాక్యాలు, కింద సంతకం. క్షమించమని ఒక్క ముక్క రాయమని నేను బతిమాలాను. "రిటైర్మెంటుకు రెండేండ్లు ఉండాది టీచరమ్మా, ఏంటికి?" అన్నాను. "రెండేండ్లు ఉండాది కాబట్టే. ఇంగెప్పుడు రాసేది?" అంది.

వేంపల్లె అవతల ఒక పల్లె బడికి బదిలీ చేశారు. బస్సులు మారి పోవాలి. శిక్ష వేశామనుకున్నారు. ఆమె పొద్దున్నే టిఫిను డబ్బాతో, గొడుగుతో బస్టాండులో నిలబడి ఉండేది, షాపుకు ఆదివారాలు వచ్చేది. నేను జాలిగా చూస్తే, "ఆడ పిల్లకాయలు ల్యారాప్పా?" అనేది. ఆ బడిలోనూ నాటకం వేయించింది. అక్కడ రాణి వేషం వేసిన పిల్లకు నత్తి ఉండేదట. వేదిక మీద ఆ నత్తి రాలేదట.

రూతమ్మ ఇప్పుడు కడపలో టీచరు ట్రైనింగు చేస్తోంది. మా పాప కర్నూల్లో డిగ్రీ. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారని, అందులో సగం టీచరమ్మ తిట్లే గుర్తు చేసుకుంటారని మా ఆవిడ చెప్పింది.

రిటైరయ్యాక ఆమె టీవీ కొనుక్కుంది. అయినా నాలుగున్నరకు షాపుకే వచ్చేది. సీడీల కాలం అయిపోయి నేను సెల్ రీచార్జి కార్డులు అమ్ముకుంటున్నా, ఆమె కోసం పాత ప్లేయరు ఉంచాను. ఆఖరుసారి, పోవడానికి పది రోజుల ముందు, ఆ రాణి మీద కొత్తగా వచ్చిన ఒక డాక్యుమెంటరీ చూశాం. పురాతన నాణెం మీది ముఖాన్ని పెద్దది చేసి చూపించారు. వంకర ముక్కు, ముందుకొచ్చిన గడ్డం. తన పేరు మీద రాణే కొట్టించిన నాణెం అట. టీచరమ్మ "ఆపప్పా" అంది. చాలాసేపు ఆ బొమ్మను చూసింది. ఏమీ రాసుకోలేదు. "ఈయమ్మ అందంగ ల్యాదు చూడు," అంది మెల్లగా, ముఖం వెలిగిపోతూ. "ల్యాకపోయినా నాణెం మీద ఏయించుకునింది. ఈమెను ఏ సినిమాలో తీస్తారప్పా?"

సమాధి చేసిన మూడో రోజు చర్చిలో ఆదరణ కూడిక, పోయినవాళ్ళను తలుచుకునే ప్రార్థన, పెట్టారు. దానికి ఫ్లెక్సీ కావాలని ఆమె తమ్ముడి కొడుకు నన్ను తోడు రమ్మన్నాడు. ముందురోజే ఫోటో ఇచ్చాడట. పల్లె బడిలో రిటైరైన రోజు తీసింది, మెడలో చామంతి దండతో. స్టూడియో కుర్రాడు కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు.

తెర మీద ఒక తెల్లటి ఆడమనిషి ఉంది. బుగ్గలు నున్నగా, పెదాలు గులాబీగా.

"ఎవురప్పా ఇది?" అన్నాను.

"టీచరమ్మే అన్నా. కొంచెం గ్లో పెట్టినా."

"బాగుంది లేన్నా," అన్నాడు తమ్ముడి కొడుకు, నా చెయ్యి తాకి. పాపం, అతని కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉన్నాయి.

"తీసెయ్," అన్నాను.

"అందురూ ఇట్లనే అడుగుతారన్నా. నల్లగుంటే ఫ్లెక్సీలో కనపడదు."

"కనపడకపోతే దగ్గరికొచ్చి చూస్తారు. తీసెయ్."

నా గొంతు ఎందుకు అంత పెరిగిందో నాకే తెలియదు. పక్క షాపు వాళ్ళు తొంగి చూశారు. కుర్రాడు గొణుక్కుంటూ మౌసు అందుకున్నాడు. ఒక్కొక్క నొక్కుకూ ఒక్కొక్క పొర పోయింది. పెదాల గులాబీ పోయింది. బుగ్గల నునుపు పోయింది. నుదుటి మీద ముడతలు వచ్చాయి, కణత దగ్గర చిన్నప్పటి గాటు వచ్చింది. ఆఖరి పొర పోయాక ఆమె నల్లగా, సూటిగా, మా ముగ్గుర్నీ చూసింది. "ఇదీ మా అత్త," అన్నాడు తమ్ముడి కొడుకు, కుర్చీలో కూలబడి.

కూడిక మధ్యాహ్నం మూడింటికి. ఫ్లెక్సీని చర్చి వసారాలో, మనిషి ఎత్తుకు అందేలా కట్టించాను. కుర్రాడు చెప్పింది నిజమే. గేటు దగ్గర నుంచి చూస్తే ముఖం సరిగా కనిపించదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి దగ్గరికి పోయి, తల ఎత్తి చూశారు. బండల మిల్లు నుంచి రూతమ్మ వాళ్ళమ్మ నేరుగా పని దిగి వచ్చింది. జుట్టు మీద, చేతుల మీద తెల్లటి రాతి దుమ్ము అలాగే ఉంది. కాసేపు చూసి, చెయ్యి చాపి టీచరమ్మ చెంపను తాకింది. ఆ చెంప మీద నాలుగు వేళ్ళ తెల్లటి గుర్తు పడింది. ఆమె ఉలిక్కిపడి, చీర కొంగు నాలుక మీద తడి చేసుకుని, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు, నలుపు మళ్ళీ మెరిసే దాకా తుడుస్తూ నిలబడింది.